గృహనిర్వహణము: పాత బండికి పొగపరీక్ష



ఇంటి లెక్కలలో పాల పద్దు, బియ్యపు పద్దులతోపాటు బండి పద్దును జేరి చాలకాలమైనది. అయినను పాత స్కూటరుకు పొగపరీక్ష చేయించుట పురుషుల పనియని మనలో పెక్కుమంది యూరకుందురు. ఆ బండి నిలుచునది మన వాకిటనే. దాని పొగను ముందుగా పీల్చునది మన బిడ్డలే గదా!

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ననుసరించి, రిజిస్ట్రేషనైన యేడాది పిమ్మట ప్రతి పెట్రోలు, డీజిలు బండికిని ఈ పరీక్షాపత్ర ముండవలయును. పాత బండ్లకు ఆఱుమాసముల కొకమారును, భారత్ స్టేజి 4, 6 తరగతుల బండ్లకు ఏడాది కొకమారును పరీక్ష జరుగవలయును. తప్పినచో, 2019 సవరణ చట్టము ప్రకారము 10,000 రూపాయలవరకు జరిమానా పడవచ్చును.

పెట్రోలు బండిలో ముఖ్యముగా రెండింటిని గొలుతురు. ఒకటి కార్బన్ మోనాక్సైడు. రెండవది కాలక మిగిలిన హైడ్రోకార్బనులు. 2000 మార్చి పిమ్మట తయారైన పాత నాలుగు స్ట్రోకుల స్కూటరుకు మొదటిది నూటికి 3.5 పాళ్లును, రెండవది పదిలక్షలకు 4,500 పాళ్లును మించరాదు.

మొదటి యంకె పెరిగెనా, ఇంజనుకు గాలి చాలక పెట్రోలు హెచ్చైనదని తెలియవలెను. ఎయిర్ ఫిల్టరులోని దుమ్ము, లాగి మఱచిన చోకు, కార్బురేటరు అమరిక చూపింపుడు. రెండవది పెరిగెనా, పెట్రోలు సరిగా నంటుకొనుటలేదు. తఱచు మసిపట్టిన స్పార్కుప్లగ్గే కారణము. నీలిపొగ వచ్చుచున్నచో ఇంజనాయిలు కాలుచున్నదన్నమాట. అది ప్లగ్గు మార్చినంతమాత్రమున పోవు జబ్బు కాదు. మెకానిక్కు ఇంజను విప్పి చూడవలసినదే.

పరీక్షకు బోవునపుడు బండిని కొంతదూరము నడిపి, ఇంజను వేడెక్కిన పిమ్మటనే నిలుపవలెను. చల్లని యింజను సరిగా కాల్చదు.

గొట్టములో కడ్డీ పెట్టకయే పత్రము చేతికిచ్చువారును గలరు. చేయి పట్టి చూడకయే జ్వరము లేదని చెప్పు వైద్యుని మాట నమ్ముదుమా? కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; అది నెత్తురులో ప్రాణవాయువు చేరవలసిన చోటు నాక్రమించును. కావున మూసిన గదిలో ఇంజను నెన్నడును నడుపనీయకుడు.

పత్రముపై నచ్చైన యంకెలను ప్రతిమారును లెక్కల పుస్తకమున వ్రాసియుంచుకొనుడు. హద్దు దాటకున్నను, పోయినసారికన్న నంకె పెరిగినచో, బండికి జబ్బు మొదలైనదని మీకే ముందు దెలియును.