భౌతికశాస్త్ర బోధకుని సన్నద్ధత

సంపాదక మహాశయులకు,

ఉన్నత పాఠశాలలలో భౌతికశాస్త్ర బోధన క్షీణించుటకు ప్రయోగశాలల లేమియే ప్రధాన కారణమని గత సంచికలో వ్యాసకర్త చేసిన నిర్ణయముతో నేను ఏకీభవింపజాలకున్నాను. పరికరములు లేకుండుట కొరతయే, సందేహము లేదు. కాని నిట్టనిలువుగా ఎగురవేసిన బంతి శిఖరస్థానమున వేగము కోల్పోయిన క్షణమున దాని త్వరణము కూడ శూన్యమగునా యని బాలుడొకడు ప్రశ్నించినచో, అచ్చటను సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల త్వరణము క్రిందికే యుండునని, లేనిచో బంతి ఆకసముననే నిలిచిపోవలసి వచ్చునని నిస్సంశయముగా చెప్పుటకు ఏ పరికరమును అక్కరలేదు. ఆ భావము ఉపాధ్యాయుని మనస్సున స్థిరపడియుండవలెను.

మన తెలుగునాట భౌతిక, రసాయన శాస్త్రములు రెండును ఒక్కరికే అప్పగించుట పరిపాటి. కావున డిగ్రీలో రసాయనమునందే అభిరుచి పెంచుకొని, భౌతికమును ఉత్తీర్ణత కొరకు మాత్రమే చదివినవారును ఓమ్ నియమమును, కటకములను బోధింపవలసియే యున్నది. ఇది వారి దోషము కాదు. 2015 నుండి బి.ఎడ్. శిక్షణ రెండేండ్లకు విస్తరించినను, అందు బోధనపద్ధతులకున్న చోటు విషయ పునరధ్యయనమునకు లభించుట లేదు. శ్రేణిలో కలిపిన రెండు బల్బులలో మొదటిది విద్యుత్ ప్రవాహమును కొంత హరించునని పిల్లలు సహజముగానే తలంతురు. ఆ భ్రాంతిని ముందుగా ఊహించి, అమ్మీటరును బల్బులకు ముందును, నడుమను, వెనుకను ఉంచి ఒకే విలువను చూపుట అలవడిన గురువులు మనకెందరు కావలెను!

మధ్యప్రదేశమున 1972లో ఆరంభమైన హోషంగాబాదు విజ్ఞాన బోధన కార్యక్రమము పాఠ్యప్రయోగములను మొదట ఉపాధ్యాయులచేతనే చేయించినది. మన విశ్వవిద్యాలయముల భౌతికశాస్త్ర శాఖలును ప్రతి వేసవియందు ఉన్నత పాఠశాలోపాధ్యాయులకై అట్టి శిబిరములు నడుపవలెనని, అందు పాల్గొన్న కాలమును ప్రభుత్వము విధినిర్వహణగానే పరిగణింపవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు