కళాశాలను ఎన్నుకొనే ముందు

ఇంటర్మీడియట్ ముగించిన మన విద్యార్థులు భవనాన్ని చూచి, స్నేహితులను చూచి కళాశాలను ఎన్నుకొంటున్నారు. లెక్క చూచేవారు అరుదు.

బోధనా రుసుమును ప్రభుత్వం భరిస్తుందన్న ధీమా ఒక్కటే చాలదు. ఆ సొమ్ము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి ఆలస్యమగుట మనం చూస్తూనే ఉన్నాము. అంతవరకు భారమెవరిది?

నే నెరిగిన ఒక మెకానిక్కు కుమార్తె బస్సు ఖర్చు భరించలేక, మొదటి సంవత్సరం పిదప ఇంటికి దగ్గరనున్న కళాశాలకు మారదలచింది. ప్రభుత్వం నుండి రావలసిన బకాయిని ఆమెయే చెల్లించిన గాని టి.సి., మార్కుల జాబితా ఇవ్వమన్నారు పాత కళాశాలవారు. తండ్రి అప్పు చేసి కట్టేసరికి ప్రవేశాల గడువు దాటింది. ఒక సంవత్సరం వృథా అయింది.

మానివేసే విద్యార్థి అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకొనరాదని యు.జి.సి. 2018లోనే ప్రకటించింది. అవి విద్యార్థి సొత్తు, తాకట్టు సరుకు కాదు.

కావున విద్యార్థులారా! చేతులు కాలిన పిదప ఆకులు వెదకకండి. మొత్తం ఖర్చెంత? ఉపకారవేతనం ఆలస్యమైతే ఏమి చేస్తారు? కళాశాల మారితే అది కొనసాగునా? పత్రాలు ఎప్పుడిస్తారు? చేరకముందే అడగండి. ఈ ప్రశ్నలు మా కళాశాలనూ అడగండి. జవాబు చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులమైన మాకూ కలదు.