పాత చీటీకి మళ్లీ మాత్రలు ఇవ్వనీయకండి

తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,



2025 జూలైలో కూకట్‌పల్లి కల్తీ కల్లు మరణాల తర్వాత, కల్లులో కలిపే మత్తుమందు ఆల్ప్రజోలం పేరు పత్రికల్లో పదేపదే కనిపించింది. దాన్ని దొంగచాటుగా తయారుచేసేవాళ్లపై దాడులు జరగాల్సిందే. కానీ అదే మందు మాత్రల రూపంలో మన ఇళ్ల అల్మారాల్లోనూ ఉంది. అది పదహారేళ్ల పిల్లల చేతికి చేరే దారి గురించి రాస్తున్నాను.

నాయనమ్మకు నిద్ర కోసం రాసిన మాత్రలు సగం మిగిలిపోతాయి. పరీక్షల ముందు గుండెదడతో కునుకు పట్టని ఇంటర్ అమ్మాయికి ఇంట్లోవాళ్లే ప్రేమకొద్దీ ఒకటి ఇస్తారు. మత్తు కోసం వెతికే పిల్లలకంటే ఇలా నిద్ర కోసం, భయం తగ్గడం కోసం మొదలుపెట్టే పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు. ఆందోళనకో డిప్రెషన్‌కో వైద్యం అందనివాళ్లకు, పెద్దలు ఈ మాత్రలు వాడటం చూస్తూ పెరిగినవాళ్లకు, అప్పటికే సిగరెట్‌కో మందుకో అలవాటుపడ్డవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. తాగివస్తే వాసన పట్టిస్తుంది. మాత్ర వేసుకుంటే ఏమీ తెలియదు. మగతగా కనిపిస్తే చదివి అలిసిపోయిందనుకుంటాం.

కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒకటి చాలదు, రెండు కావాలి. ఒక్కసారిగా మానేస్తే వణుకు, నిద్రలేమి, చివరికి ఫిట్స్. కల్తీ కల్లు దొరకని రోజుల్లో ఆసుపత్రులకు చేరినవాళ్లలో తెలంగాణ ఇది చూసింది. మద్యంతోనో, ట్రమడాల్ అనే నొప్పిమందుతోనో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. దేశంలో దాదాపు 1.18 కోట్ల మంది వైద్య అవసరం లేకుండా మత్తుమాత్రలు వాడుతున్నారని కేంద్రం 2019లో వెల్లడించిన సర్వే చెప్పింది.

చట్టం మీ చేతిలోనే ఉంది. ఆల్ప్రజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, రోగి పేరు, మాత్రల లెక్క ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటీకి ఒకసారే మందు ఇవ్వాలి. ఇచ్చాక షాపు పేరు, తేదీ చీటీపై నమోదు చేయాలి. ఈ ఒక్క నిబంధన పాటిస్తే పాత చీటీ మళ్లీ పనికిరాదు. ఫోన్‌లో దాని ఫొటో చూపించి స్ట్రిప్ పట్టుకెళ్లడం కుదరదు. అందుకే షాపుకు వచ్చిన హోల్‌సేల్ బిల్లులను రిజిస్టర్‌తో సరిపోల్చమని మీ ఇన్‌స్పెక్టర్లకు చెప్పండి. కొన్నదానికీ రాసినదానికీ తేడా అక్కడే బయటపడుతుంది.

మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు ఇదే కోవలోని క్లోబజామ్ లాంటివి తప్పనిసరి. వాళ్ల తల్లిదండ్రులను షాపుల చుట్టూ తిప్పే కట్టడి మాత్రం వద్దు. అలవాటుపడిన పిల్లలకూ మాత్రలు డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. షాపుల్లో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 తెలుగులో రాసి పెట్టించండి.

మిగిలిన మాత్రలు వెనక్కి తీసుకునే ఏర్పాటు కేరళలోని కోళికోడ్‌లో 2025లో మొదలైంది. మన దగ్గర ముందు ఒక్క జిల్లాలోనైనా పెట్టండి. ఎన్ని రిజిస్టర్లు తనిఖీ చేశారో, ఎక్కడ తేడాలు దొరికాయో మూడు నెలలకోసారి ప్రజలకు చెప్పండి.

ఇట్లు,
ఒక ఇంటర్ అధ్యాపకురాలు