సంఖ్య లేని పరీక్ష

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలోని బీమా కార్మికుని వేతనములో నూటికి 75 పైసలు, యజమాని వాటాగా నూటికి 3 రూపాయల 25 పైసలు 2019 జూలై మొదలు కార్మిక రాజ్యబీమా సంస్థకు చేరుచున్నవి. తన వైద్యమునకు కార్మికుడు ముందే వెల చెల్లించియున్నాడు.

రామచంద్రపురము ఈఎస్ఐ ఆసుపత్రిలో సాధ్యము కాని ఉన్నతవైద్యమునకు రోగిని ఒప్పందము గల ప్రైవేటు ఆసుపత్రికి పంపుదురు. ఆ బిల్లునకు కేంద్రప్రభుత్వోద్యోగుల ఆరోగ్యపథకపు ధరల పట్టిక ప్రమాణము. అందు పరీక్షకొక సంఖ్య, వెల గలవు. పట్టికలో లేనిదానికి ఢిల్లీ ఎయిమ్స్ ధర చూతురు. ఒకే సంస్థ సొత్తై, దాని ప్రయోగశాలయందు మాత్రమే జరుగు పరీక్షకు ఎయిమ్స్ ధర యెక్కడ దొరకును? రొమ్ము కాన్సరు రోగికి కీమోథెరపీ వలన మేలుండునా లేదా యని తెలుపు ఆంకోటైప్ డీఎక్స్ అట్టిది. కణితి ముక్క అమెరికాకు పోవలెను. వెల లక్షలలో నుండును. 2017లో బీమాకు విధించిన వేతన పరిమితియో నెలకు 21,000 రూపాయలు! అమెరికాలో ఈ పరీక్షకు 2015లోనే 81519 అను ప్రత్యేక సంఖ్య నిచ్చిరి. ఇచట పట్టికలో దారి లేనిచో, అనుమతి కాగితము బల్లలు మారులోపల చికిత్స మొదలిడవలసిన కాలమే గడచును.

కోరిన వ్యాపారికెల్ల సంఖ్య నిమ్మని మేము చెప్పము. 2019లో ఈ రాష్ట్రపు కార్మిక బీమా వైద్యసేవల శాఖలో మందుల కొనుగోళ్ళ విషయమై అవినీతి నిరోధక శాఖ అధికారులను నిర్బంధించుట పాఠకులు మరువలేదు. పరీక్ష ప్రయోజనమును వైద్యనిపుణుల సంఘము తేల్చవలెను. బీమా సంస్థ బేరమాడి వెల కట్టి, దానిని బహిరంగముగా ప్రకటింపవలెను. నిర్ణయమునకు వారము గడువు చాలును. అప్పు చేసి పరీక్ష చేయించుకొని పిదప బిల్లు తెమ్మని కార్మికుని పంపుట ఆ సంస్థకు తగదు.