రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొంటే విమానాల కష్టాలు తీరతాయా?

2025 నవంబర్ 7న ఢిల్లీ ఎయిర్‌పోర్టులో 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. కారణం పొగమంచు కాదు. ఫ్లైట్ ప్లాన్లను కంట్రోలర్లకు అందించే మెసేజ్ స్విచింగ్ సిస్టమ్ మొరాయించింది. కంట్రోలర్లు ఆ పనంతా చేత్తో చేసుకోవాల్సి వచ్చింది. మరమ్మతుకు హైదరాబాద్ ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ బృందం కూడా దిగింది.

ఇలాంటప్పుడు వినిపించే మాట ఒకటే: విదేశాల్లో నడుస్తున్న రెడీమేడ్ సిస్టమ్ కొనేస్తే పోలా?

అమెరికా ఆ పని చేసి చూసింది. 1980ల్లో అక్కడి ఎఫ్ఏఏ అంతా కొత్తగా రాయించాలనుకుంది. ఖర్చు చేయి దాటి, 1994లో ప్రాజెక్టులో చాలా భాగం ఆపేసింది. ఆ దెబ్బతో 1996లో రేథియాన్ కంపెనీ నుంచి ‘స్టార్స్’ అనే, దాదాపు రెడీమేడ్ సిస్టమ్‌కు ఆర్డరిచ్చింది. అంచనా 172 కేంద్రాలకు 94 కోట్ల డాలర్లు. తీరా చూస్తే ఆ స్క్రీన్లు తమ పనికి సరిపోవని కంట్రోలర్లు అభ్యంతరం చెప్పారు. మార్పులు మొదలయ్యాయి. 2002 నాటికి అంచనా 133 కోట్ల డాలర్లకు చేరింది, కేంద్రాలేమో 70 పైచిలుకుకు తగ్గాయి.

రెడీమేడ్ షేర్వానీ కొని భుజాలు, చేతులు, నడుము అన్నీ విప్పి కుట్టిస్తే, దర్జీ దగ్గర కొత్తది కుట్టించినంత ఖర్చు అవుతుంది. ఇక్కడా జరిగింది అదే.

బ్రిటన్‌ది ఇంకో పాఠం. 2023 ఆగస్టు 28న ఒక ఫ్లైట్ ప్లాన్‌లో రెండు వేర్వేరు చోట్లకు ఒకే కోడ్ ఉండటంతో సిస్టమ్ ఆగిపోయింది. బ్యాకప్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి క్షణాల్లో అదీ ఆగింది. తయారీ కంపెనీని సంప్రదించాకే లోపం దొరికింది. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

అంటే కొనడం తప్పని కాదు. సొంతంగా రాయించినా గ్యారంటీ లేదని అమెరికాయే చూపింది. టెండర్‌లో తక్కువ ధర ఒక్కటే చూస్తేనే చిక్కు. సంతకానికి ముందే కంట్రోలర్లతో వాడించి చూశారా? బ్యాకప్ వేరే రకానిదేనా? పదేళ్ల తర్వాత మరమ్మతు ఎవరు చేస్తారు, ఎంతకు? ఈ లెక్కలన్నీ మొదటి రోజే ధరలో కలపాలి.

ఢిల్లీ, ముంబైలలో విమానం మారి గల్ఫ్ వెళ్లే కార్మికుడికి కనెక్షన్ తప్పితే పోయేది టికెట్ డబ్బే కాదు, డ్యూటీలో చేరాల్సిన తేదీ కూడా. ఉమ్రాకు బయల్దేరిన ముసలివాళ్లకు రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీలే దిక్కు. పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతిలోనే ఉంది. కొత్త సిస్టమ్ కొనేటప్పుడు ఈ ప్రశ్నలకు జవాబులు జనం ముందు పెట్టాలి.