సెలవు పుచ్చుకున్నాను

పదిహేడేళ్ళపాటు ఒకే కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పాను. అందులో ఏటా తప్పకుండా చెప్పినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నంలో పల్లకీ ఎక్కి, పదిహేను నెలలు దేశం తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారని నేను కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను. నిజం చెప్పాలంటే, చివరి నాలుగైదేళ్ళు కళ్ళు మూసుకునే చెప్పాను.

నిరుడు ఫిబ్రవరిలో ఒకనాడు పాఠం ముగించి పుస్తకం మూయబోతూంటే, వెనక బల్లమీది పిల్ల ఒకతె లేచి, "మేడమ్, మీరు కాశీ వెళ్ళారా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"పోనీ, ఎక్కడికి వెళ్ళారు?"

ఆ పిల్ల వెటకారానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. అందుకే బాధ కలిగింది. తిరుపతి, శ్రీశైలం, పెళ్ళిళ్ళకు విజయనగరం, ఒకసారి బెంగుళూరు. నలభై అయిదేళ్ళలో నా యాత్రా చరిత్ర అంతే. గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ఆ రాత్రి మావారితో అన్నాను, "నేను మారిషస్ వెళ్ళివద్దామనుకుంటున్నాను" అని.

ఆయన పేపరు దించి చూశారు. "కాశీ అడిగిందన్నావుగా ఆ పిల్ల?"

మారిషస్ ఎందుకంటే దానికో కథ ఉన్నది. మా అమ్మమ్మగారి తాతగారికి అప్పన్న అని ఒక అన్న ఉండేవాడట. కరువు రోజుల్లో ఇంట్లో చెప్పకుండా ఓడ ఎక్కి వెళ్ళిపోయాడట. కోరంగిలో ఎక్కాడో, విశాఖపట్నంలో ఎక్కాడో, మద్రాసులో ఎక్కాడో ఎవరికీ తెలియదు. తిరిగి రాలేదు. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ సంక్రాంతికి పెద్దలకు పెట్టేటప్పుడు ఆయన పేరున ఒక విస్తరి వేసేది. "పోయాడని ఎవరు చూశారు? ఆకలిగా ఉన్నాడేమో" అనేది. నా చిన్నతనంలో ఆ విస్తరి చూస్తే నాకు ఏమిటో భయంగా ఉండేది. పెద్దయ్యాక ఆ భయమే కోరిక అయింది కాబోలు.

సరే, మొదట సెలవు అడిగాను. జీతం లేని సెలవు, మూడు నెలలు. పదిహేడేళ్ళలో నేను పెట్టిన పెద్ద సెలవులు రెండే, రెండూ పురుళ్ళకే. యాజమాన్యంవారు మర్యాదగానే మాట్లాడారు. కాఫీ కూడా ఇప్పించారు. "అమ్మా, ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అన్నారు. అందరూ అడగరని నాకు తెలుసు. మా స్టాఫు రూములో మూడు నెలల జీతం వదులుకోగలవారు ఎవరున్నారు గనుక? ఆ మాట అనకుండా కాఫీ తాగి వచ్చేశాను. వీరాస్వామయ్యగారు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉంటూ పదిహేను నెలల సెలవు సంపాదించారు. తెల్లదొరలిచ్చిన సెలవు మనవాళ్ళు ఇవ్వరా అనే ఉక్రోషం కొంత, వెనక బల్ల పిల్ల ప్రశ్న కొంత, ఏప్రిల్ నెలాఖరున రాజీనామా కాగితం ఇచ్చేశాను.

ఇక మా ఇంట్లో లేచిన గాలివాన వర్ణించతరం కాదు. మా అబ్బాయి జూన్‌లో పదో తరగతిలోకి వస్తాడు. "పదో తరగతి పిల్లవాణ్ణి వదిలి సముద్రాలు దాటుతుందిట" అని వీధి వీధంతా చెప్పుకున్నారు. పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే నిలబెట్టి, "ఏమిటే అమ్మాయ్, మీ ఆయనతో ఏమన్నా మాట తేడా వచ్చిందా?" అని గొంతు తగ్గించి అడిగింది. మొగవాడు ఉద్యోగం మాని దేశాలు తిరిగితే సాహసి. ఆడది తిరిగితే ఇంట్లో తగాదా. మా అక్కయ్య ఫోనులో ఏడ్చింది. మా అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు అన్నిటికంటె భయంగా ఉండేది.

మావారు బ్యాంకు ఉద్యోగి. ఆయనకు కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా లెక్కల్లోనే వస్తుంది. "వెళ్ళవద్దని అనను. లెక్క రాసి చూపించు" అన్నారు. కాలెండరు కాగితం వెనకవైపు రాశాం. నా మూలవేతనం, కరువుభత్యం కలిసి నెలకు 26,000. గ్రాట్యుటీ లెక్కలో నెలకు 26 రోజులు. ఏడాదికి పదిహేను రోజుల జీతం. అంటే ఏడాదికి 15,000 చొప్పున, పదిహేడేళ్ళకు 2,55,000. అయిదేళ్ళు నిండిన ఉద్యోగికి అది చట్టం ఇచ్చిన హక్కు. ఒకరి దయ కాదు. విమానానికి, అద్దెకు, తిండికి అందులోనే సరిపెట్టాలి. ప్రావిడెంటు ఫండు తాకకూడదు, అది అమ్మాయి చదువుకు. ఇంటి అప్పు వాయిదా ఆయన జీతంలోంచి. తిరిగి వచ్చాక ఉద్యోగం దొరకకపోతే? ఆ వరస దగ్గర మావారు కలం ఆపి, ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. ఆ ప్రశ్నార్థకాన్నే నేను నా పెట్టెలో సర్దుకుని, ఆగస్టు రెండోవారంలో బయలుదేరాను.

మారిషస్‌లో ఆగస్టు అంటే చలికాలం. మన గడియారానికి గంటన్నర వెనక. చెరుకు కోతలు జరుగుతున్నై. ఊరి చివర ఒక తెలుగువారి ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. తెలుగువారంటే మనలాగ మాట్లాడతారనుకోకండి. ఇంట్లో భాష క్రియోల్. పత్రికలు ఫ్రెంచి. ఆఫీసు కాగితాలు ఇంగ్లీషు. తెలుగు బడిలో కోరుకున్నవారు చదువుకునే పాఠం. అయినా ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వమే సెలవు ఇస్తుంది. సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, అమ్మోరి పండుగ చేస్తారు, రామభజన చేస్తారు. బజారులో ధాల్ పూరీ అని అమ్ముతారు. చూపుకు మన బొబ్బట్టే, లోపల పప్పే, తీపి మాత్రం ఉండదు. మొదటిరోజు తీపి ఉంటుందని కొరికి నేను పెట్టిన ముఖం చూసి, ఆ అమ్మే అబ్బాయి ఒకటే నవ్వు.

పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ అని ఒక రాతికట్టడం ఉన్నది. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షలమంది కూలీలు మన దేశంనుంచి, మరికొన్ని దేశాలనుంచి ఒప్పందంమీద ఆ దీవికి వచ్చారు. దిగినవారిలో ఎక్కువమంది ఎక్కిన మెట్లు అక్కడ ఇంకా ఉన్నై. పదహారు మెట్లు. 2006లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. నేను వెళ్ళిననాడు జనం లేరు. మెట్టు మెట్టుకూ లెక్కపెడుతూ నిలబడ్డాను. మా అప్పన్న తాత కాలు ఏ మెట్టుమీద తడబడిందో అని.

ఆ కూలీల ఒప్పందం సంగతులు అక్కడ తెలుసుకున్నాను. అయిదేళ్ళ కట్టుబాటు. నెలకు అయిదు రూపాయల జీతం, తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. పని వదిలి బయట తిరుగుతూ పట్టుబడితే దేశదిమ్మరి అని జైలు. అది చదివి నేను చాలాసేపు కదలలేకపోయాను. నేను సెలవు ఇవ్వలేదని అలిగి ఉద్యోగం వదిలి, దేశం చూడడానికి వచ్చినదాన్ని. ఆయన ఉద్యోగం కోసం దేశం వదిలి వచ్చి, దాన్ని మానే హక్కు లేనివాడు. రాజీనామా అనే కాగితం ముక్క ఎంత ఖరీదైనదో పదిహేడేళ్ళు జీతం తీసుకున్నా నాకు తెలియలేదు. ఆ మెట్లమీద తెలిసింది.

మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. ఆనాడు వచ్చినవారి రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నై. ఒక్కొక్కరికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఒంటిమీది మచ్చలు. నా దగ్గర ఉన్నదల్లా 'అప్పన్న' అనే ఒక్క పేరు. ఏడాది తెలియదు, ఓడ తెలియదు. సింహాచలం చుట్టుపక్కల పుట్టిన మగపిల్లలలో సగంమందికి ఆ పేరేనాయె! అక్కడి ఉద్యోగి ఓపికగా విని, "ఈ ఒక్క పేరుతో కష్టమమ్మా" అన్నాడు. ఆ కష్టం నేను ముందే ఊహించవలసింది. ఆ రాత్రి గదిలో కూర్చుని, ఉద్యోగం పోగొట్టుకుని ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఏడ్చాను.

మర్నాడు మా ఇంటిగలవారి పెద్దావిడ నా తలుపు తట్టింది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. శనివారాలు భజనలో పాడుతుంది. తెలుగు పాటలే. నోటికి వచ్చును గాని మాటలకు అర్థాలు తెలియవు. వాళ్ళమ్మ పాడగా నేర్చింది. తెలుగు పంతులమ్మ వచ్చిందని విని, అర్థాలు చెప్పమని అడగడానికి వచ్చింది. ఆవిడ వచ్చీరాని తెలుగులో అడుగుతుంది, తెలియకపోతే క్రియోల్‌లో మనుమరాలికి చెబుతుంది, ఆ పిల్ల నాకు ఇంగ్లీషులో చెబుతుంది. ఒక పాటలో 'ఏరు' అనే మాట వచ్చింది. అది ఏదో దేవుడి పేరనుకుని అన్నేళ్ళూ ఆ మాట వచ్చినప్పుడల్లా చేతులు జోడిస్తూ ఉన్నదట.

"ఏరంటే నది మామ్మా. నీళ్ళు పారుతాయి చూడండీ, అది" అన్నాను.

ఆవిడ కాసేపు నోరు తెరుచుకుని చూసి, పకపకా నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ ఊళ్ళో ఏరు ఉందనేవారు" అన్నది.

అంతే, శనివారం కాస్తా రోజూ అయింది. ఆవిడ వెంట ఇద్దరు, ఇద్దరి వెంట ఆరుగురు వచ్చారు. ఎవరూ పరీక్ష రాయరు, ఎవరికీ మార్కులు అక్కర్లేదు. నవంబరు 2న, మొదటి కూలీలు ఆ దీవిలో దిగిన జ్ఞాపకార్థం అక్కడ సెలవు. ఆనాడు కూడా అందరూ వచ్చి కూర్చున్నారు. చాలా ఏళ్ళ తరవాత నేను కళ్ళు తెరుచుకుని పాఠం చెప్పాను.

ఇంటికి వచ్చిన రోజు సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఇది సగం కథ అవుతుంది. మా అబ్బాయి చొక్కా వాడి భుజాలమీంచి జారిపోతున్నది. అక్టోబరులో వాడికి టైఫాయిడు వచ్చిందట. పన్నెండు రోజులు మంచం పట్టాడు. ఫోనులో బొమ్మ రావడంలేదు, ఇంటర్నెట్టు బాగాలేదు అని నాకు చెప్పిన రోజులు అవే.

"ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను మావారిమీద.

"నేనే చెప్పవద్దన్నాను" అన్నారు మా అత్తయ్యగారు. "చెబితే మర్నాడే వచ్చేసేదానివి. నేను లేనూ? నలుగురు పిల్లల్ని పెంచాను."

ఆవిడ మోకాళ్ళనొప్పులతో రాత్రుళ్ళు వాడి మంచం దగ్గర కూర్చున్నది. నా యాత్ర ఖర్చు కాలెండరు వెనక రాసిన లెక్కలోనే ఉన్నదనుకున్నాను. సగం ఖర్చు ఆవిడ మోకాళ్ళు పెట్టుకున్నై. ఆ లెక్క నేను ఏ కాగితంమీద తీర్చను?

పాత కళాశాలలో నా చోటు నిండిపోయింది. ఇప్పుడు మరొక కళాశాలలో గంటకింతని ఇస్తున్నారు. నెలకు చూసుకుంటే పాత జీతంలో సగానికి కొంచెం ఎక్కువ. కనుక, చదువరులారా, ఉద్యోగాలు మానేసి దేశాలు చూసిరండని నేను ఎవరికీ చెప్పను. వెనక ఒక బ్యాంకు జీతం, ముందు ఒక గ్రాట్యుటీ, ఇంట్లో ఒక అత్తగారు లేకపోతే నేనూ వెళ్ళగలిగేదాన్ని కాదు. వెళ్ళదలచినవారు మాత్రం లెక్క రాసుకోండి. రాసుకున్నాక ఇంట్లోవారి పేర్లు కూడా ఖర్చులో వేసుకోండి. అప్పుడు కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి.

మొన్న సంక్రాంతికి నేనే మా ఇంట్లో అప్పన్న తాత పేరున విస్తరి వేశాను. ఆయన దొరకలేదు గాని, ఆయన దిగిన దీవిలో పప్పు రొట్టె దొరుకుతుందని తెలిసింది. ఆకలితో ఉండడులే అనిపించింది.

విస్తరి తీస్తూంటే మా అత్తయ్యగారు దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "అమ్మాయ్, సముద్రం దాటి వచ్చావు. మరి నన్ను కాశీకి ఎప్పుడు తీసుకువెళతావు?" అన్నారు.

ఏడాదిగా దాచుకున్న మాట కాబోలు. వేసవి సెలవులకు ఇద్దరికీ రైలు టిక్కెట్లు కొన్నాను. ఈసారి రాజీనామా అక్కర్లేదు.