ఓటమికి జవాబు చెప్పవలసింది ఎవరు?

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో ఘోరంగా ఓడిపోయింది. ప్రత్యర్థులు పది గోల్స్ చేస్తే, మనవాళ్లు చేసింది ఒక్కటే. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. అంతకు ఏడాది క్రితమే, 1951లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన దేశం మనది. ఆ గెలుపునాడూ, ఈ ఓటమినాడూ కోచ్ ఒక్కరే. ఆయన హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

జట్టు ఓడినప్పుడు కోచ్‌ను తొలగించాలన్న కేక లేవడం సహజం. కోచ్‌ను ప్రశ్నించడం తప్పు కాదు. అయితే ఏమని ప్రశ్నించాలి? ఎందుకు ఓడావన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఓటమికి కారణం గ్రహించావా, దాన్ని సరిదిద్దావా, ఫలానా ఆటగాణ్ణి ఎందుకు తీసుకున్నావు, ఫలానా ఆటగాణ్ణి ఎందుకు పక్కన పెట్టావు అన్నవి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు.

హెల్సింకీ తరువాత మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాహెబ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా జట్లలో ఆ ఘనత సాధించిన మొదటి జట్టు అదే. ఓటమికి అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

ఆటగాళ్ల ఎంపికలో ఆయనకు అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఎదురైంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించింది. ఆ తరువాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను ఇంటిదారి పట్టించలేదు. ఫార్వర్డ్ స్థానంలో ఆడించారు. ఫైనల్‌కు మరో కఠిన నిర్ణయం తీసుకున్నారు. సెమీఫైనల్‌లో గోల్ కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన పెట్టి, అనారోగ్యం నుంచి తేరుకున్న పొడగరి పీటర్ తంగరాజ్‌ను దించారు. మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ మరో గోల్ చేయగా భారత్ 2-1తో గెలిచింది. ఫలితం తారుమారై ఉంటే ఆ రెండు నిర్ణయాల నిందా రహీం తలమీదనే పడేది. అది తెలిసే ఆయన నిర్ణయించారు. అధికారం చేపట్టినవాడు నిందను కూడా మోయడానికి సిద్ధపడాలి.

అయితే భారమంతా కోచ్ ఒక్కడిదే అనడం కూడా న్యాయం కాదు. 2024 జూన్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారత్ మూడో దశకు చేరలేకపోయింది. కొద్ది రోజుల్లోనే కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను ఫెడరేషన్ తొలగించింది. కోచ్‌ను నియమించినవారు, పిల్లలకు మైదానాలూ శిక్షణా సమకూర్చవలసినవారు తమ వంతు జవాబు చెప్పకుండా కోచ్‌ను మాత్రమే మారిస్తే పాత లోటు కొత్త కోచ్‌కూ సంక్రమిస్తుంది.

ఇది మైదానానికే పరిమితమైన విషయం కాదు. బడిలో జట్టును ఎంచే మాస్టారు, ఇంట్లో ఒక బిడ్డను ముందు చదివించి మరొక బిడ్డను ఆగమనే తండ్రి కూడా ఎంపిక చేస్తున్నవారే. ఇతరుల శ్రమ, ఆశ మన చేతికి అప్పగించబడినప్పుడు అది అమానతు. పక్కన పెట్టబడిన బిడ్డకు కారణం తెలుసుకునే హక్కు ఉంది. ఆ కారణాన్ని వాడి కళ్లలోకి చూసి చెప్పగలిగితేనే మన నిర్ణయం న్యాయమైనదని మనకూ నమ్మకం కలుగుతుంది.

జకార్తా నాటికే రహీం సాహెబ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మరో స్వర్ణం రాలేదు. ఆయనకు కూడా ఓటములున్నాయి. కాని ఏ ఓటమినీ ఆయన పాఠం నేర్వకుండా వదిలిపెట్టలేదు.